దొరికినవి సరే, దొరకనివి ఎన్ని?

1985లో డేవిడ్ బ్లెయిర్, ఎం.ఇ. మారన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పెద్ద కోర్టు కేసు కాగితాల మీద తాము చేసిన పరీక్ష ఫలితాలను ప్రచురించారు. సుమారు 40 వేల పత్రాలు, మూడున్నర లక్షల పేజీలు, అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఉన్నాయి. ఏ పదం కొడితే ఆ పదం ఉన్న పత్రాలన్నీ బయటికి వస్తాయి. కేసుకు పనికొచ్చే పత్రాల్లో కనీసం 75 శాతం చేతికి రావాల్సిందేనని లాయర్లు ముందే షరతు పెట్టారు. మాటలు మార్చి మార్చి వెతికించారు. చివరికి ఆ మేరకు దొరికాయని తృప్తిపడి ఆపారు. లెక్క తీస్తే వాళ్లకు దొరికింది సగటున 20 శాతమే.

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. దొరికిన వాటిలో దాదాపు 79 శాతం పనికొచ్చేవే. అంటే తెర మీద కనిపించిన జాబితాలో చెత్త పెద్దగా లేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. మిగతా 80 శాతం ఎక్కడుందంటే, లాయర్లు ఊహించని మాటల వెనక ఉంది. ఆ కేసు ఒక ప్రమాదం చుట్టూ తిరుగుతుంది. కానీ ప్రమాదానికి బాధ్యులు తామేనేమో అని భయపడే వాళ్లు తమలో తాము రాసుకునే ఉత్తరాల్లో 'యాక్సిడెంట్' అనే మాట ఎందుకు వాడతారు? 'ఇన్సిడెంట్' అన్నారు, 'సిట్యుయేషన్' అన్నారు, 'ప్రాబ్లమ్' అన్నారు. కొన్నింట్లో అసలు పేరే ఎత్తకుండా 'మీ పోయిన ఉత్తరంలో ప్రస్తావించిన విషయం' అని వదిలేశారు.

ప్రాజెక్టు కోసమో థీసిస్ కోసమో రిసెర్చ్ డేటాబేస్ ముందు కూర్చునే విద్యార్థి పరిస్థితీ ఇంతే. వేలకొద్దీ ఫలితాలు వచ్చిపడితే టెన్షన్ పడతారు, 'అబ్బో, ఇవన్నీ ఎప్పుడు చదవాలి' అని. నిజానికి భయపడాల్సింది దానికి కాదు. ఎక్కువ వస్తే ఎక్కువ వచ్చాయని కంటికి కనిపిస్తుంది, తగ్గించుకోవచ్చు. రావాల్సినవి రాకపోతే మాత్రం రాలేదన్న సంగతే తెలియదు.

గూగుల్ అలవాటు ఇక్కడ కొంత చెరుపు చేస్తుంది. మామూలు గూగుల్‌లో మనసులో ఉన్న ప్రశ్నను ఉన్నదున్నట్టు టైప్ చేసినా పని జరుగుతుంది. స్పెల్లింగ్ తప్పినా సర్దుకుని, మనం అడగబోయేది ఊహించి మరీ చూపిస్తుంది. రిసెర్చ్ డేటాబేస్‌లు అంత చొరవ తీసుకోవు. చాలావాటిలో వరుసగా పది పదాలు కొడితే ఆ పదీ ఉన్న పేపర్లనే తెస్తాయి. అందుకే నిండు వాక్యం రాసిన విద్యార్థికి 'ఫలితాలు లేవు' అని వస్తుంది. 'నా టాపిక్ మీద ఎవరూ పని చేయలేదు' అని ఆ పిల్లో పిల్లవాడో సంబరపడి గైడ్ దగ్గరికి వెళ్లడం, అక్కడ చీవాట్లు తినడం కొత్తేమీ కాదు. డేటాబేస్‌లో వెతకడమంటే ప్రశ్న అడగడం కాదు. మనకు తెలియని ఎవరో రచయిత తన పేపర్లో ఏ మాటలు వాడి ఉంటాడో ముందే ఊహించడం.

ఒక టాపిక్ తీసుకుని చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 'రాత్రిళ్లు ఫోన్ చూడటం వల్ల కాలేజీ విద్యార్థుల నిద్ర ఎలా దెబ్బతింటోంది?' అన్నది ప్రశ్న అనుకుందాం. ఇందులో వెతకడానికి పనికొచ్చే ముక్కలు మూడే: ఫోన్, విద్యార్థులు, నిద్ర. 'వల్ల', 'ఎలా' అనేవి డేటాబేస్‌కు అక్కర్లేదు. 'ప్రభావం' అనే మాట కూడా అంతే. ఇంగ్లిష్ పేపర్లో అది 'ఎఫెక్ట్' కావచ్చు, 'ఇంపాక్ట్' కావచ్చు, 'అసోసియేషన్' కావచ్చు, ఏదీ లేకపోవచ్చు. ఇక 'దెబ్బతినడం' పెడితే ఇంకో ప్రమాదం. నిద్ర చెడిందని తేల్చిన పేపర్లే ఎక్కువగా వస్తాయి, పెద్ద తేడా లేదని తేల్చినవి పక్కకు పోతాయి. జవాబును ప్రశ్నలోనే పెట్టి వెతికితే ఆ జవాబే దొరుకుతుంది.

కీబోర్డు ముట్టుకోకముందే ఒక కాగితం తీసుకుని మూడు నిలువు గడులు గీయడం మంచిది. మొదటి గడిలో 'స్మార్ట్‌ఫోన్', 'మొబైల్ ఫోన్', 'సెల్ ఫోన్', 'స్క్రీన్ టైమ్', 'ఎలక్ట్రానిక్ మీడియా'. రెండో గడిలో 'కాలేజ్ స్టూడెంట్స్', 'యూనివర్సిటీ స్టూడెంట్స్', 'అండర్‌గ్రాడ్యుయేట్స్', 'యంగ్ అడల్ట్స్'. మూడో దాంట్లో 'స్లీప్ క్వాలిటీ', 'స్లీప్ డ్యూరేషన్', 'ఇన్‌సామ్నియా', 'బెడ్‌టైమ్'. ఒకే గడిలోని మాటల మధ్య 'ఆర్' (ఏదో ఒకటి ఉంటే చాలు), గడికీ గడికీ మధ్య 'ఆండ్' (అన్నీ ఉండాలి). జార్జ్ బూల్ అనే గణితజ్ఞుడు 1854లో పుస్తకంగా తెచ్చిన తర్కం నుంచే ఈ పద్ధతి వచ్చింది. 'ఆర్' వల వెడల్పు చేస్తుంది, 'ఆండ్' ఇరుకు చేస్తుంది. ఇదంతా దాదాపు ప్రతి లైబ్రరీ క్లాసులోనూ చెబుతారు. అంత గట్టిగా చెప్పనిది బ్రాకెట్ల సంగతి.

వైద్య పరిశోధన పేపర్ల డేటాబేస్ అయిన పబ్‌మెడ్‌లో 'స్మార్ట్‌ఫోన్ ఆండ్ స్లీప్ ఆర్ ఇన్‌సామ్నియా' అని బ్రాకెట్లు లేకుండా కొడితే అది ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. ముందు స్మార్ట్‌ఫోన్, నిద్ర రెండూ ఉన్న పేపర్లు తీస్తుంది. తర్వాత ఆ కుప్పకు ప్రపంచంలో నిద్రలేమి మీద వచ్చిన పేపర్లన్నీ కలిపేస్తుంది. ముసలివాళ్ల నిద్రలేమి, మందుల వల్ల వచ్చే నిద్రలేమి, ఫోన్ ఊసే లేనివి, అన్నీ. 'స్లీప్ ఆర్ ఇన్‌సామ్నియా' అనే రెండిటినీ బ్రాకెట్లో పెడితే ఈ తంటా ఉండదు. కొన్ని డేటాబేస్‌లు ఎడమ, కుడి చూడకుండా 'ఆండ్' పనిని ముందు ముగిస్తాయి. ఏది ఎలా చేస్తుందో గుర్తుపెట్టుకోవడం కన్నా బ్రాకెట్లు పెట్టేయడం సుఖం. ఈ ఆండ్, ఆర్ మాటలను ఇంగ్లిష్ పెద్దబడి అక్షరాల్లో టైప్ చేయడం కూడా అలవాటు చేసుకోవాలి. చిన్నబడిలో రాస్తే కొన్నిచోట్ల మామూలు పదాల కింద లెక్కేస్తారు.

మూడోది 'నాట్'. దాని జోలికి వీలైనంత వరకు పోకపోవడమే మంచిది. చిన్నపిల్లల మీద చేసిన అధ్యయనాలు వద్దని 'నాట్ చిల్డ్రన్' అని పెడితే, 'ఇంతవరకు చిల్డ్రన్ మీదే పరిశోధనలు జరిగాయి, మేం కాలేజీ విద్యార్థులను తీసుకున్నాం' అని మొదలయ్యే పేపర్ కూడా ఎగిరిపోతుంది. విద్యార్థికి సరిగ్గా కావాల్సింది అదే.

కొటేషన్ మార్కుల్లో పెడితే ఆ మాటలు అదే వరుసలో పక్కపక్కన ఉండాలని అర్థం. పదం చివర నక్షత్రం గుర్తు పెడితే ఆ మొదలుతో ఉన్న పదాలన్నీ వస్తాయి. 'అడోలెసెన్*' అంటే 'అడోలెసెన్స్', 'అడోలెసెంట్' రెండూ. అయితే పదాన్ని మరీ పొట్టిగా కత్తిరిస్తే పిల్లుల మీద పేపర్ల కోసం 'క్యాట్*' కొట్టినవాళ్లకు క్యాటలాగులు, క్యాటగిరీలు, కంటి క్యాటరాక్ట్ ఆపరేషన్లు కూడా వచ్చి పడతాయి. పరిశోధన పేపర్ల కోసం గూగుల్ నడిపే గూగుల్ స్కాలర్‌లో ఈ నక్షత్రం పని చేయదు. స్పెల్లింగ్ తేడా ఇంకో తలనొప్పి. 'అనీమియా', 'బిహేవియర్' లాంటి పదాలకు బ్రిటిష్ వాళ్లదొక స్పెల్లింగ్, అమెరికన్లదొకటి. తెలుగులో రాసుకుంటే రెండూ ఒకటేగానీ అక్షరం అక్షరం పోల్చే యంత్రానికి అవి రెండు వేర్వేరు పదాలు. రెండూ పెట్టడమే దారి.

మాటకు మాట కాదు, విషయానికి శీర్షిక

పైన చెప్పినదంతా ఊహల మీద నడిచే పని. ఊహ అక్కర్లేని దారి ఒకటుంది. విద్యార్థులు ఎక్కువగా పట్టించుకోనిది కూడా అదే.

పబ్‌మెడ్‌ను నడిపేది అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్. ఆ సంస్థ 1960 నుంచి 'మెష్' అనే విషయ శీర్షికల పట్టిక తయారు చేస్తూ వస్తోంది. ఒక రచయిత 'హార్ట్ ఎటాక్' అని రాసినా, ఇంకొకరు వేరే ఏ పేరుతో రాసినా, ఆ పేపర్ విషయం గుండెపోటే అయితే దానికి 'మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్' అనే శీర్షికే తగిలిస్తారు. ఆ శీర్షికతో వెతికితే రచయితలు ఏ మాట వాడారన్న గొడవ చాలావరకు తీరిపోతుంది. పబ్‌మెడ్‌లో 'హార్ట్ ఎటాక్' అని మామూలుగా కొట్టినా లోపల ఈ శీర్షికను కూడా కలుపుకునే వెతుకుతుంది. కొటేషన్ మార్కులు గానీ నక్షత్రం గానీ పెట్టగానే ఆ సాయం ఆగిపోతుంది. తెలివిగా వెతుకుతున్నామనుకుని ఉన్న సౌకర్యాన్ని ఆపేసుకోవడం అన్నమాట. విద్యారంగం వాళ్లకు ఎరిక్ డేటాబేస్ ఉంది. దానిలో ఇవే శీర్షికలను డిస్క్రిప్టర్లు అంటారు.

శీర్షికలకు నిర్వచనాలు కూడా ఉంటాయి, అవి చదవకపోతే మళ్లీ బోల్తా పడతారు. మెష్‌లో 'అడోలెసెంట్' అంటే 13 నుంచి 18 ఏళ్ల వాళ్లు. 19 నుంచి 24 దాకా 'యంగ్ అడల్ట్'. పైన తీసుకున్న ఉదాహరణలో కాలేజీ విద్యార్థులు కదా. 'టీనేజర్లే కదా' అని అడోలెసెంట్ శీర్షిక ఒక్కటే పెట్టుకుంటే రెండో ఏడాది, మూడో ఏడాది వాళ్ల మీద జరిగిన పని చాలామటుకు కనపడకుండా పోతుంది.

సరైన శీర్షిక ఏదో పట్టుకోవడానికి తేలికైన చిట్కా ఒకటుంది. ముందు ఎలాగోలా ఒక్క మంచి పేపర్ దొరకబుచ్చుకోవాలి. పబ్‌మెడ్‌లో దాని పేజీ కిందికి దిగితే ఆ పేపర్‌కు తగిలించిన మెష్ శీర్షికలన్నీ వరుసగా ఉంటాయి. వాటిని తెచ్చి కాగితం మీది గడుల్లో చేర్చుకుని మళ్లీ వెతకాలి. మొదటిసారి కొట్టిన పదాలతోనే పని ముగిసిందంటే ఆ సెర్చ్‌ను అనుమానించాల్సిందే.

శీర్షికల మీదే పూర్తిగా ఆధారపడటమూ కుదరదు. నిన్నమొన్న చేరిన పేపర్లలో కొన్నిటికి అవి ఇంకా తగిలించి ఉండరు. పక్కన ఉండే వయసు, మనుషులు-జంతువులు లాంటి ఫిల్టర్లు కూడా ఈ శీర్షికల మీదే నడుస్తాయి కాబట్టి, ఒక్క క్లిక్కుతో అలాంటి తాజా పేపర్లు మాయమవుతాయి. శీర్షికలు, మామూలు మాటలు రెండూ కలిపి వెతకాలి.

చరిత్ర, సాహిత్యం విద్యార్థులకు వేరే చిక్కు. అక్కడ మాటలే కాలంతో పాటు మారిపోయాయి. 1920ల్లో రాసిన వ్యాసాల్లో 'మొదటి ప్రపంచ యుద్ధం' కోసం వెతికితే పెద్దగా ఏమీ దొరకదు, ఎందుకంటే రెండోది రాకముందు దాన్ని ఎక్కువగా 'గ్రేట్ వార్' అనే పిలిచారు. క్షయ వ్యాధిని పాత ఇంగ్లిష్ రచనల్లో 'కన్సంప్షన్' అన్నారు. ఆ కాలం వాళ్ల నోట్లో నానిన మాట తెలియకపోతే ఆ కాలం పత్రికలు నోరు విప్పవు.

ఎక్కడ వెతుకుతున్నామో తెలియాలి

ఒకే మాట కొట్టినా ఒక్కో డేటాబేస్ ఒక్కో చోట వెతుకుతుంది. పబ్‌మెడ్ పేపర్ మొత్తం చదవదు. పేరు, అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ మొదట్లో ఉండే సారాంశం), శీర్షికలు, రచయితల వివరాల్లాంటివే చూస్తుంది. గూగుల్ స్కాలర్ పేపర్ లోపలి పాఠం కూడా తవ్వుతుంది కాబట్టి ఎక్కడో ఒక మూల ఆ మాట వచ్చినా తెచ్చి పడేస్తుంది. అది లక్షల్లో ఫలితాలున్నాయని చెప్పినా వెయ్యికి మించి చూపించదు. ఎక్కువ మంది ఉదహరించిన పాత పేపర్లు పైకి తేలడం కూడా అక్కడ మామూలే. జేస్టోర్ 1995 నుంచి పాత జర్నళ్లకు పెద్ద నిలయం. కానీ అందులోని చాలా జర్నళ్ల తాజా సంచికలు 3 నుంచి 5 ఏళ్లు ఆలస్యంగా చేరతాయి. అందులో మాత్రమే వెతికి 'ఈ మధ్య ఎవరూ దీని మీద రాయలేదు' అని తేల్చేస్తే నవ్వులపాలవుతారు. 1991లో మొదలైన ఆర్‌కైవ్‌లో భౌతికశాస్త్రం, గణితం, కంప్యూటర్ సైన్స్ పేపర్లు అందరికన్నా ముందు దొరుకుతాయి. అయితే అవి అక్కడికి చేరేనాటికి సాటి నిపుణుల పరిశీలన జరిగి ఉండాలన్న నియమం లేదు. కనీసం రెండు చోట్ల వెతకనిదే ఏ తీర్మానానికీ రాకూడదు.

మాటలతో అసలు పని లేని ఇంకో మార్గం సైటేషన్లు, అంటే ఒక పేపర్‌ను ఇంకో పేపర్ ఉదహరించడం. దీని పుట్టుక కూడా లాయర్ల దగ్గరే. ఫ్రాంక్ షెపర్డ్ అనే ఆయన 1873లో మొదలుపెట్టిన పద్ధతిలో, ఒక పాత తీర్పును తర్వాతి తీర్పుల్లో ఎక్కడెక్కడ ప్రస్తావించారో, ఎక్కడ కొట్టేశారో జాబితా దొరికేది. యూజీన్ గార్‌ఫీల్డ్ ఇదే ఆలోచనను సైన్సుకు తెచ్చి 1955లో ప్రతిపాదించాడు. 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వచ్చింది. నేటి వెబ్ ఆఫ్ సైన్స్ దాని వారసురాలే. ఒక మంచి పేపర్ చివర ఉన్న జాబితా చూస్తే వెనక్కి వెళ్తాం. 'సైటెడ్ బై' నొక్కితే ముందుకు వెళ్తాం, అంటే దాన్ని తర్వాత ఎవరెవరు ఉదహరించారో తెలుస్తుంది. నిద్ర పేపర్‌ను ఉదహరించిన వాళ్లు 'స్మార్ట్‌ఫోన్' అన్నారా ఇంకేదైనా అన్నారా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. పైగా దాన్ని ఎవరైనా తప్పుపట్టి ఉంటే అదీ బయటపడుతుంది.

తప్పుపట్టడం అటుంచి, కొన్ని పేపర్లను జర్నళ్లే వెనక్కి తీసుకుంటాయి. ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన పేపర్ 1998లో లాన్సెట్‌లో వచ్చింది. దాన్ని వెనక్కి తీసుకున్నది 2010లో. ఎప్పుడో డౌన్‌లోడ్ చేసి, ఫ్రెండ్స్ మధ్య చేతులు మారిన పీడీఎఫ్ మీద ఆ ముద్ర ఉండదు. పబ్‌మెడ్‌లోనో జర్నల్ వెబ్‌సైట్‌లోనో అదే పేపర్ పేజీ తెరిస్తే కనిపిస్తుంది. రెఫరెన్సుల జాబితా పూర్తయ్యాక ఒక్కోటీ తెరిచి చూడటం పెద్ద పనేమీ కాదు.

ఇక చాట్‌జీపీటీ లాంటివి. గడులు నింపుకోవడానికి 'దీనికి ఇంకేం మాటలున్నాయి' అని అడిగితే బాగానే సాయపడతాయి. రెఫరెన్సులు ఇమ్మంటేనే గండం. రచయిత పేరు, జర్నల్, సంవత్సరం, పేజీలు అన్నీ అచ్చంగా ఉంటాయి, పేపర్ మాత్రం ఉండకపోవచ్చు. లాయర్లు మూడోసారి వస్తున్నారు: 2023లో చాట్‌జీపీటీ అల్లిన లేని తీర్పులను కోర్టుకు సమర్పించినందుకు న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లకు, వాళ్ల సంస్థకు కలిపి 5,000 డాలర్ల జరిమానా పడింది. పేపర్‌కు డీఓఐ అనే గుర్తింపు నంబర్ ఇచ్చి ఉంటే దాన్ని కొట్టి చూడాలి. అది వేరే పేపర్‌కు తీసుకెళ్లినా, ఎక్కడికీ తీసుకెళ్లకపోయినా సంగతి తేలిపోయినట్టే.

పేపర్ దొరికి, తెరవబోతే డబ్బు కట్టమంటే కంగారు పడక్కర్లేదు. చాలాసార్లు కారణం కాలేజీ లైబ్రరీ లాగిన్ ద్వారా వెళ్లకపోవడమే. అదీ కుదరకపోతే పబ్‌మెడ్ సెంట్రల్‌లో, రచయిత పనిచేసే యూనివర్సిటీ సైట్లో ఉచిత ప్రతి ఉందేమో చూడాలి. అన్‌పేవాల్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ఈ వెతుకులాట తనే చేసిపెడుతుంది. రచయితకు రెండు లైన్ల మెయిల్ పెట్టినా పంపేవాళ్లు ఉన్నారు. లైబ్రేరియన్‌ను అడిగితే వేరే లైబ్రరీ నుంచి తెప్పించే ఏర్పాటు కూడా ఉండొచ్చు. లైబ్రేరియన్‌ను అడగడానికి ఎందుకో విద్యార్థులు మొహమాటపడతారు, వాళ్ల ఉద్యోగమే అది.

వెతికిన ప్రతిసారీ తేదీ, డేటాబేస్ పేరు, కొట్టిన మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, వచ్చిన ఫలితాల సంఖ్య ఒక ఫైల్లో రాసుకోవాలి. ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ పద్ధతిగా వెతికి సమీక్షించే సిస్టమాటిక్ రివ్యూలు రాసేవాళ్లకు ప్రిస్మా మార్గదర్శకాల ప్రకారం ఇది తప్పనిసరి. మామూలు ప్రాజెక్టుకు ఎవరూ అడగరుగానీ, నెల తర్వాత 'మొన్న ఏదో కొడితే మంచి పేపర్ వచ్చిందే' అని తల పట్టుకునే బాధ తప్పుతుంది.

ఎప్పుడు ఆపాలన్నదే మిగిలింది. ఎటు తిప్పి వెతికినా చూసిన పేపర్లే మళ్లీ వస్తుంటే ఆపవచ్చని సాధారణంగా చెబుతారు. కానీ అవే మాటలు అటూ ఇటూ తిప్పితే అవే పేపర్లు రాక ఏం చేస్తాయి? 1985 నాటి లాయర్లకూ ఇక చాలనే అనిపించింది. ఇంతకన్నా గట్టి పరీక్ష ఒకటుంది. గైడ్ చెప్పినవో, మంచి రివ్యూ వ్యాసం చివర జాబితాలోవో, టాపిక్‌కు కచ్చితంగా సంబంధించిన పది పేపర్లు విడిగా పెట్టుకోవాలి. మనం తయారు చేసుకున్న సెర్చ్‌ను అవి ఉన్న డేటాబేస్‌లో కొట్టి, ఆ పదిలో ఎన్ని వచ్చాయో లెక్కపెట్టాలి. ఏడే వచ్చి మూడు రాలేదనుకోండి, ఆ మూడింటి అబ్‌స్ట్రాక్ట్‌లు తెరిచి నిదానంగా చదవాలి. కాగితం మీది గడుల్లోకి ఎక్కని మాట ఏదో ఒకటి అక్కడ కనిపిస్తుంది.